కుక్కల గ్రూమింగ్ వృత్తి: చేపట్టదలచినవారు తెలుసుకోవలసినవి

పెంపుడు కుక్కకు స్నానం చేయించడం, బొచ్చు దువ్వి అవసరమైనచోట కత్తిరించడం, గోళ్లు తీయడం, చెవులు శుభ్రపరచడం, ఈ పనులన్నింటినీ కలిపి గ్రూమింగ్ అంటారు. మన దేశంలో ఈ వృత్తికి చట్టం నిర్దేశించిన అర్హతా పరీక్ష ఏదీ లేదు. కత్తెర, క్లిప్పర్ కొనుక్కున్న ఎవరైనా రేపటినుండే పని మొదలుపెట్టవచ్చు. ఇది ఈ వృత్తిలోని సౌలభ్యం, ఇదే ప్రమాదం కూడా. పని తెలియని చేతిలో గాయపడేది నోరులేని జీవి, కాటు పడేది పనివానికి.

లక్ష్మీపూర్ కోరాపుట్–రాయగడ మార్గంలోని బ్లాకు కేంద్రం. ఇక్కడ అద్దెకు గది తీసుకుని, బల్ల వేసి, కుక్కలకోసం ఎదురుచూడడం తెలివైన పని కాదు. రుసుము చెల్లించి కుక్కకు స్నానం చేయించే అలవాటు నెలజీతాల కుటుంబాలలోనే ఎక్కువ. అటువంటి కుటుంబాలు దామన్‌జోడిలోని నాల్కో కాలనీలోను, సునాబేడలోని హాల్ టౌన్‌షిప్‌లోను, జయపురం, రాయగడ పట్టణాలలోను ఉన్నాయి. కనుక సామగ్రిని ఒక సంచిలో సర్దుకుని, ముందుగా కుదుర్చుకున్న రోజున ఇంటికే వెళ్లి పనిచేయడం తొలి ఏడాదికి తగిన పద్ధతి. ఒకే కాలనీలో ఒకే రోజున మూడు నాలుగు ఇళ్లు కుదిరితేనే దారిఖర్చు గిట్టుబాటవుతుంది. తెలుగుతోపాటు ఒడియా, హిందీ మాట్లాడగలగడం ఇందుకు పెట్టుబడివంటిదే. కుక్క ఏ భాషలో ‘కూర్చో’ అంటే కూర్చుంటుందో యజమానిని ముందే అడగడం మంచిది.

శిక్షణ చాలావరకు పెద్ద నగరాలలోని ప్రైవేటు సంస్థలలో లభిస్తుంది. చేరేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అభ్యాసకుడు తన చేతులతో ఎన్ని కుక్కలకు పని చేస్తాడు? గోడమీది ధ్రువపత్రాలు దీనికి సమాధానం కావు. ఆ ఖర్చు భరించలేనివారు ఒక పశువైద్యుని వద్ద కొన్ని నెలలు సహాయకులుగా ఉండి, బెదిరిన కుక్కను పట్టుకునే తీరు నేర్చుకోవడం ఉత్తమం. చెవులు వెనక్కి వాలడం, తోక కాళ్లమధ్యకు పోవడం, మాటిమాటికి పెదవులు నాకడం, ఒళ్లు బిగదీసుకుని కదలక నిలవడం భయానికి గుర్తులు. గుర్రుమనడం వీటి తరువాతి మెట్టు.

బొచ్చు విషయంలో కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు, వేసవిలో కుక్కకు గుండు చేయడం. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, స్పిట్జ్ వంటి జాతులకు పైన గరుకు బొచ్చు, లోపల మెత్తని బొచ్చు, రెండు పొరలుంటాయి. (మన ఇళ్లలో పామెరేనియన్ అని పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలే.) ఈ పొరలు ఎండనుండి చర్మాన్ని కాపాడతాయి, గుండు చేస్తే మళ్లీ సరిగా పెరగకపోవచ్చు. యజమాని పట్టుబట్టినా నచ్చజెప్పి, రాలే బొచ్చును దువ్వి తీయాలి. షిట్జూ, పూడిల్ వంటివాటికి బొచ్చు పెరుగుతూనే ఉంటుంది గనుక నెలకో, నెలన్నరకో కత్తిరింపు అవసరం.

మనుషుల షాంపూ కుక్కలకు వాడరాదు. మన చర్మం కొంత ఆమ్లగుణం గలది, కుక్క చర్మం ఇంచుమించు తటస్థం. కోరాపుట్ పీఠభూమి చలికాలంలోను, వానాకాలంలోను తడి బొచ్చు త్వరగా ఆరదు. మొదళ్లలో తడి నిలిస్తే చర్మం పుండుపడుతుంది, కాబట్టి డ్రయ్యర్ తప్పనిసరి. 2000 వాట్ల డ్రయ్యర్ అరగంటకు ఒక యూనిట్ విద్యుత్తు తీసుకుంటుంది. దానిని చిన్న 5 ఆంపియర్ల ప్లగ్గుకు కాక, పెద్ద 15 ఆంపియర్ల ప్లగ్గుకే తగిలించాలి. కుక్కలు ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటివేడిని తగ్గించుకుంటాయి. వేడిగాలి ఎదుట కట్టి పక్కకు వెళ్లడం ప్రాణాంతకం, చప్పిడి ముక్కు గల పగ్ వంటివాటికి మరీను.

గోటిలో రక్తనాళం ఉంటుంది. నల్లగోళ్లలో అది కనబడదు గనుక కొనలను కొద్దికొద్దిగా తీయాలి. రక్తం ఆపే స్టిప్టిక్ పొడి సంచిలో ఎప్పుడూ ఉండాలి. పిడుదులు, చర్మవ్యాధి, చెవిలో దుర్వాసన కనబడితే యజమానికి చెప్పి పశువైద్యుని వద్దకు పంపాలి. ఇంజెక్షన్లు వేయడం, మందులు రాయడం గ్రూమర్ పని కాదు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఆ అధికారాన్ని నమోదైన పశువైద్యులకే ఇచ్చింది.

అన్నింటికన్నా ముఖ్యమైనది రేబిస్ వ్యాధి. లక్షణాలు బయటపడిన తరువాత దీనినుండి బతికినవారు అత్యంత అరుదు. కనుక వృత్తిలోకి దిగకముందే ముందస్తు టీకా వేయించుకోవాలి. 0, 7 రోజులలోను, ఆపైన 21 లేదా 28వ రోజున కలిపి మూడు మోతాదులు వేస్తారు. ప్రతి కుక్కకూ టీకా పత్రం చూసిన పిదపనే చేయి వేయాలి. ‘మా కుక్క కరవదు’ అన్న మాట టీకా పత్రానికి బదులు కాదు. కరచినా, రక్తం వచ్చేలా గీరినా, గాయంపై లాలాజలం పడినా, పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయరాదు. ముందస్తు టీకా పూర్తయినవారు కూడా 0, 3 రోజులలో రెండు మోతాదులు వేయించుకోవలసిందే. అటువంటివారికి ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు. బెదిరే కుక్క మూతికి చిక్కం వేయడం అవమానమేమీ కాదు.

పనిని ఉద్యమ్ పోర్టల్‌లో చిన్న సంస్థగా నమోదు చేయించుకోవచ్చు. ఇది పూర్తిగా ఉచితం, దీనికని సొమ్ము అడిగే దళారులకు దూరంగా ఉండాలి. ప్రధానమంత్రి ముద్రా యోజన కింద శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు పూచీకత్తు లేకుండా బ్యాంకులు రుణమిస్తాయి. క్లిప్పర్, డ్రయ్యర్, దువ్వెనలు, మడతబల్ల కొనుగోలుకు ఈ రుణాన్ని వాడుకోవచ్చు. పురపాలక పరిధిలో దుకాణం తెరిచేవారు ముందుగా కార్యాలయంలో వ్యాపార లైసెన్సు గురించి విచారించాలి. నీరు పోయే గొట్టానికి జాలీ బిగించి, చిక్కిన బొచ్చును ఏ రోజుకారోజు చెత్తబండికి ఇవ్వాలి. వీధి కాలువ మూసుకుపోతే మొదటి ఫిర్యాదు వచ్చేది ఆ దుకాణంపైనే.