ఊరి పాట, కొత్త తాళం

నార్సింగిలో అద్దె గదుల్లో ఉంటున్న మన బిడ్డల్లో చాలామంది పల్లెల నుండి వచ్చినవారే. ఊరి పాట ఇక్కడ పాడితే నవ్వుతారేమోనని కొందరికి బెరుకు.

అమెరికాలో కెంటకీ పల్లెవాడైన బిల్ మన్రో 1939లో నాష్‌విల్ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీలో చేరాడు. అతని బాణీకే తరువాత బ్లూగ్రాస్ అని పేరు వచ్చింది. అందులో సాధారణంగా డ్రమ్ములుండవు. మాండొలిన్ తీగలను టక్కున కొట్టి ఆపుతారు, అదే తాళం. 1954లో ఎల్విస్ ప్రెస్లీ మన్రో పాట ఒకటి రాక్ ఊపుతో పాడాడు. అదే ఏడు మన్రో కూడా ఆ పాటను మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా పాడి మళ్లీ రికార్డు చేశాడు.

మన హైదరాబాదులో చౌరస్తా బృందం తెలుగు పల్లె మాటకు జమైకా రెగేను జతచేసింది. రెగేలో గిటారు దెబ్బ తాళానికీ తాళానికీ నడుమ పడుతుంది. 2020లో కరోనా జాగ్రత్తలను ఈ బృందం రామ్ మిర్యాల గొంతుతో జనానికి పాటగా చెప్పింది.

గమనించండి, ఊపు మారినా మాట మిగిలింది. గిటారు పట్టిన తమ్ముడూ, అమ్మ నేర్పిన పాటతోనే మొదలుపెట్టు. పెద్దలారా, డ్రమ్ము మోగగానే తలుపు వేయకండి. ముందు మాట వినండి.