హాకింటాష్ యంత్రము: డిస్కు పోర్టులను, బూట్ విఘ్నములను గూర్చిన అపోహలు – వాస్తవములు

2005 జూన్ మాసమున ఆపిల్ సంస్థ తన మాకింటాష్ కంప్యూటర్లను ఇంటెల్ ప్రాసెసర్ల మీదికి మార్చనున్నట్లు ప్రకటించి, మరుసటి జనవరిలో ఆ యంత్రములను విపణికి తెచ్చినది మొదలు, బజారున దొరకు మదర్‌బోర్డును, ప్రాసెసరును, డిస్కులను కొని స్వహస్తములతో కూర్చుకొన్న యంత్రముపై మాక్ ఓఎస్‌ను నడుపవలెనను కుతూహలము ఔత్సాహికులలో వ్యాపించినది. అట్టి యంత్రమునకు హాకింటాష్ అని వాడుక. ఆపిల్ వారి లైసెన్సు ఆ వ్యవస్థను ఆపిల్ ముద్రగల యంత్రములందు మాత్రమే స్థాపింప ననుమతించును. ఇట్టి యంత్రములను విక్రయింపబూనిన సైస్టార్ అను సంస్థపై ఆపిల్ 2008లో వ్యాజ్యము వేసి, మరుసటి సంవత్సరము అనుకూలమైన తీర్పును పొందినది. ఈ సంగతిని పాఠకుల యెదుట నుంచి, జిజ్ఞాసచే గృహములందు నిర్మించుకొన్న యంత్రముల మాటయే ఇచ్చట ప్రస్తావించుచున్నాను.

ఈ యంత్రము ఒకనాడు బూట్ కాకపోయినచో, అనేకులు ముందుగా డిస్కును నిందింతురు. పిదప దానిని తుడిచివేసి వ్యవస్థను తిరిగి స్థాపింతురు. అప్పటికిని ఫలము లేకున్న డిస్కునే పారవేయుదురు. ఆరోగ్యముగా నున్న డిస్కు ఇట్లు బలియగుటయు, అందలి కుటుంబచిత్రములును వ్రాతలును నిష్కారణముగా నశించుటయు చూచినపుడు నాకు మిక్కిలి ఖేదము కలుగును. ఏలయనగా బూట్ అనునది ఏకక్రియ కాదు. ఫర్మ్‌వేర్ మేల్కొని డిస్కుపైనున్న ఈఎఫ్‌ఐ విభాగమును వెదకును. అందలి బూట్‌లోడర్‌ను, అనగా నేటి ఓపెన్‌కోర్‌ను గాని నిన్నటి క్లోవర్‌ను గాని, నడుపును. ఆ బూట్‌లోడర్ కెర్నల్‌ను జ్ఞాపకశక్తిలోనికి ఎక్కించును. కెర్నల్ తన మూలడిస్కును తానుగా కనుగొని తక్కిన వ్యవస్థను నిలుపును. ఈ నాలుగు ఘట్టములలో ఆటంకము ఎచ్చట కలిగినదో తెలిసికొనక చేయు చికిత్స చీకటిలో చేయు చికిత్సయే యగును. ఆ తెలివికి సాధనము వెర్బోస్ మోడ్. ఆపిల్ చిహ్నమునకు బదులు తెరపై బారులు తీరు అక్షరములలో చిట్టచివరి పంక్తియే రోగస్థానమును చూపుచుండును.

అపోహ: బయోస్‌లో డిస్కు కనిపించినచో మాక్ ఓఎస్‌కును తప్పక కనిపించును.

అపోహలన్నిటిలో ఇదియే మూలము. ఫర్మ్‌వేర్ డిస్కును చదువుట తన డ్రైవరుతో. కెర్నల్ చదువుట వేరొక డ్రైవరుతో. ఒక కరణము పదవి విడిచి మరియొక కరణమునకు దస్త్రముల నప్పగించునపుడు, పాతవానికి తెలిసిన దారులు క్రొత్తవానికి తెలియవలెనన్న నియమము లేనట్లే, ఫర్మ్‌వేర్ అధికారము ముగిసిన క్షణమున కెర్నల్ ఆ కంట్రోలర్‌ను తన ఎరుకతోనే గుర్తింపవలెను; గుర్తింపలేనిచో, అంతకు ముందు ఏ డిస్కు నుండి తాను మేల్కొల్పబడెనో ఆ డిస్కే దానికి అదృశ్యమగును. అపుడు తెరపై "స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్" అను వాక్యము మరల మరల వచ్చును. వెర్బోస్ మోడ్ లేనిచో అడ్డుగీతతో కూడిన నిషేధవలయము కనిపించును. డిస్కు చెడినదని దీని భావము కాదు. డిస్కునకు పోవు త్రోవ కెర్నల్‌కు తెలియలేదని భావము.

దీనికి కారణములు కొన్ని కలవు. సాటా పద్ధతి ఐడీఈగా గాని రెయిడ్‌గా గాని యుండుట వాటిలో ముఖ్యము. మాక్ ఓఎస్‌కు కావలసినది ఏహెచ్‌సీఐ. ఇంటెల్ వారి ర్యాపిడ్ స్టోరేజ్ పద్ధతి నెన్నుకొన్న బోర్డులందు ఎన్‌వీఎమ్‌ఈ డిస్కులు సైతము ఆ తెరచాటునకు పోవును. అదే యంత్రమున విండోస్ కూడ నున్నచో, పద్ధతిని హఠాత్తుగా మార్చిన విండోస్ నీలితెరతో నిలిచిపోవును. కావున మార్పునకు ముందే విండోస్‌ను ఒకమారు సేఫ్ మోడ్‌లో మేల్కొనునట్లు నిర్ణయించి, పిదప ఫర్మ్‌వేర్‌లో ఏహెచ్‌సీఐ నెన్నుకొనుట క్షేమము. ఇక వ్యవస్థ వయస్సును కూడ గమనింపవలెను: 2017లో వచ్చిన హై సియెరాకు పూర్వపు మాక్ ఓఎస్‌లు బజారులోని సామాన్య ఎన్‌వీఎమ్‌ఈ డిస్కులను, సవరించిన డ్రైవరు లేనిదే, గుర్తింపజాలకుండెను.

అపోహ: మదర్‌బోర్డుపై వరుసగా నున్న సాటా పోర్టులన్నియు సమానములే.

ఆకారమున సమానములే గాని వంశమున కావు. పీ67, జెడ్68 చిప్‌సెట్ల కాలమున ఇంటెల్ చిప్‌సెట్ స్వయముగా నిచ్చినవి ఆరు సాటా పోర్టులు. అందు రెండు సెకనుకు 6 గిగాబిట్ల వేగము గలవి, నాలుగు 3 గిగాబిట్లవి. వేగవంతమైన పోర్టులు మరికొన్ని యుండవలెనని బోర్డు తయారీదారులు మార్వెల్ వంటి అన్యసంస్థల కంట్రోలర్లను అదనముగా చేర్చిరి. 6 గిగాబిట్లన్న సంఖ్యను మాత్రమే చూచి డిస్కును ఆ అదనపు పోర్టునకు తగిలించినవారు అనేకులు బూట్ కాక కష్టపడిరి. అట్టి పోర్టు డిస్కును దత్తాంశముల కొరకు చూపినను బూట్‌కు నిరాకరించుట కలదు. మాక్ ఓఎస్ నివసించు డిస్కు ఇంటెల్ పోర్టుననే యుండవలెను. ఏ పోర్టు ఎవరిదో బోర్డు వెంటవచ్చు పుస్తకమున స్పష్టముగా ముద్రింపబడి యుండును.

ఇంటెల్ పోర్టులయందును ఒక చరిత్ర కలదు. 2011 జనవరి 31న ఇంటెల్ సంస్థయే, తన 6వ శ్రేణి చిప్‌సెట్లలోని 3 గిగాబిట్ల సాటా పోర్టులు కాలక్రమమున క్షీణింపవచ్చునని ప్రకటించి, సరఫరాను నిలిపి, సవరించిన బీ3 రూపమును విడుదల చేసినది. 6 గిగాబిట్ల పోర్టులు రెండింటికిని ఆ దోషము లేదు. ఆ కాలపు బోర్డును పాతదిగా కొనువారు బీ3 గుర్తు కొరకు చూచుట మంచిది.

నేటి బోర్డులయందు చిక్కు వేరు. ఎం.2 గాడిలో డిస్కును అమర్చినంతనే ఒకటి గాని రెండు గాని సాటా పోర్టులు మూగవోవుట పెక్కు బోర్డులందు కలదు. మార్గములు రెండింటికిని ఉమ్మడి యగుటయే కారణము. పోర్టు కాలిపోయినదని బోర్డును మరమ్మతునకు పంపువారికి, కేబుల్‌ను ప్రక్క పోర్టునకు మార్చినచో ఆ వ్యయము తప్పెడిది.

అపోహ: ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌ను నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టున పెట్టిననే పని త్వరగా నగును.

2015 నాటి ఎల్ కాపిటన్ మొదలు మాక్ ఓఎస్ ఒక్కొక్క యూఎస్‌బీ కంట్రోలర్‌కు 15 పోర్టులను మాత్రమే అంగీకరించును. పదునైదనగా చాలునని తోచును గాని, యూఎస్‌బీ 3 పోర్టు ఒక్కటి పాత వేగమునకు ఒకటి, క్రొత్త వేగమునకు ఒకటిగా రెండుగా లెక్కకు వచ్చును. బోర్డులోపలి బ్లూటూత్ సైతము ఒక పోర్టును ఆక్రమించును. పరిమితి నిండిన పిదప లెక్కకు వచ్చు పోర్టులు కెర్నల్‌కు లేనివే. పెన్‌డ్రైవ్ నుండియే ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ను చదివి, కెర్నల్ మేల్కొనినంతనే ఆ పెన్‌డ్రైవ్ మాయమగుటకు ఇదియే హేతువు. ఒక కాలమున ఈ పరిమితిని ఎత్తివేయు సవరణ యుండెను. బిగ్ సర్ 11.3తో అది పనిచేయకపోయినది. కావున ఏ పోర్టులుండవలెనో, ఏవి విడువవలెనో నిర్ణయించు పోర్టు పటమును యూఎస్‌బీ టూల్‌బాక్స్ వంటి సాధనముతో రచించుకొనుట అవశ్యము. అది సిద్ధమగువరకు పెన్‌డ్రైవ్‌ను నల్లని యూఎస్‌బీ 2 పోర్టునకు మార్చి చూచుట సులభోపాయము.

అపోహ: "బూట్0 ఎర్రర్" అని వచ్చినచో డిస్కు మరణించినది.

ఇది కమీలియన్ బూట్‌లోడర్ నాటి మాట; పాత బయోస్ యంత్రములందు నేటికిని వినబడును. 4 కిలోబైట్ల సెక్టర్లుగల డిస్కులు వచ్చిన తరువాత బూట్1హెచ్ అను చిన్న సంకేతఖండము విభాగపు మొదట సరిగా వ్రాయబడకపోవుట దీనికి ప్రసిద్ధ కారణము. విభాగమును అన్‌మౌంట్ చేసి డీడీ ఆజ్ఞతో ఆ ఖండమును తిరిగి వ్రాసిన చాలును.

అపోహ: విండోస్‌ను స్థాపించిన తరువాత మాక్ తుడిచిపెట్టుకొని పోయినది.

పోలేదు. విండోస్ బూట్ వరుసలో తానే అగ్రస్థానమున కూర్చుండును. ఉభయవ్యవస్థలకును ఈఎఫ్‌ఐ విభాగ మొక్కటే యైనచో అందలి బూట్‌ఎక్స్64 దస్త్రమును కూడ తన దానితో కప్పివేయగలదు. మాక్ ఓఎస్ విభాగము యథాతథముగా నుండును. బోర్డుపై బ్యాటరీ మార్చినను, సీమాస్ తుడిచినను బూట్ నమోదులు నశింపవచ్చును. పెన్‌డ్రైవ్‌లోని ఓపెన్‌కోర్‌తో మేల్కొని ఆ దస్త్రములను తిరిగి నకలు చేసికొని, నమోదును పునరుద్ధరించిన సరిపోవును. ఈ ఒక్క సంగతి తెలియక మొత్తము డిస్కును ఫార్మాట్ చేయుట మిక్కిలి శోచనీయము.

అపోహ: "ఎగ్జిట్‌బీఎస్" పంక్తివద్ద నిలిచినచో కేబుల్‌ను గాని పోర్టును గాని మార్చవలెను.

అచ్చట కెర్నల్ ఇంకను మూలడిస్కును వెదుకనే లేదు. దోషము ఓపెన్‌కోర్ కూర్పులో, విశేషించి జ్ఞాపకశక్తి పటమును సరిదిద్దు అంశములందు, వెదుకదగినది.

అపోహ: బూట్ నెమ్మదించినచో పోర్టు వేగము చాలలేదు.

3 గిగాబిట్ల పోర్టు బూట్‌ను నిమిషముల కొలది ఆలస్యము చేయదు. ఏపీఎఫ్‌ఎస్ విభాగమును తెరచునపుడు మాక్ ఓఎస్ ఖాళీస్థలముల విషయము డిస్కునకు తెలుపు ట్రిమ్ క్రియను నడుపును. కొన్ని సామ్‌సంగ్ ఎన్‌వీఎమ్‌ఈ డిస్కులు దీనిని మందగతితో చేయును. మాంటెరీ మొదలు ఈ క్రియకు కాలపరిమితి విధించుట సాధ్యము కాదు. ఓపెన్‌కోర్‌లో ట్రిమ్ టైమవుట్‌ను సున్నగా నుంచి పూర్తిగా నిలుపుట మాత్రము సాధ్యము. అట్లు నిలిపినచో డిస్కు ఆయుర్వేగములకు కొంత హాని కలుగవచ్చును గనుక, చేతనైనచో మరియొక డిస్కు నెన్నుకొనుటయే మేలని నా అభిప్రాయము. పీఎం981 వంటివి కెర్నల్ పానిక్ కలిగించుటలో పేరొందినవి. 970 ఈవో ప్లస్‌కు తొలుత నుండిన అట్టి దోషము ఫర్మ్‌వేర్ నవీకరణతో తొలగినది.

ఆంతరంగిక డిస్కునకు నారింజరంగు బాహ్యడిస్కు చిహ్నము వచ్చినదని కొందరు భీతిల్లుదురు. అది కంట్రోలర్ పేరును వ్యవస్థ గుర్తింపనందున కలిగిన రూపభేదమే. బూట్‌కు దానితో నిమిత్తము లేదు.

నిజముగా కేబుల్ చెడునపుడు గుర్తు వేరుగా నుండును. డిస్కు స్మార్ట్ పట్టికలో 199వ లక్షణము, అనగా సీఆర్‌సీ దోషముల సంఖ్య, దినదినము పెరుగుచున్నచో కేబుల్‌ను గాని పోర్టును గాని శంకింపవలెను. 5వ, 197వ లక్షణములు పెరుగుచున్నచో డిస్కు ఉపరితలమే క్షీణించుచున్నదని గ్రహించి, వెంటనే దత్తాంశములను వేరొక చోటికి తరలింపవలెను. కేబుల్ మార్చిన తరువాత 199వ సంఖ్య తగ్గదు. పెరుగుట ఆగినదా యను దానినే చూడవలెను.