కొబ్బరికి మసి పట్టింది... మందు ఆకు కిందే ఉంది!

కోనసీమ అంటే కొబ్బరి. పెరట్లో నాలుగు చెట్లుంటే చేతిఖర్చుకు లోటుండదన్నది అక్కడి ఇళ్లలో తరతరాల ధీమా. అలాంటిది, పచ్చగా కళకళలాడాల్సిన మట్టలు పొయ్యి పొగ పట్టినట్టు నల్లబడిపోతే? అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల రైతులకు కొన్నేళ్లుగా ఇదే బెంగ.

కారణం సర్పిలాకార తెల్లదోమ. పొలుసు పురుగులకు దగ్గరి చుట్టం. 2004లో మధ్య అమెరికాలోని బెలీజ్‌లో దీన్ని తొలిసారి గుర్తించారు. 2009లో ఫ్లోరిడాలో, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడింది. ఆ తర్వాత గోదావరి తీరానికీ చేరింది.

ఆకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెట్టి, మైనపు పొడి కప్పుకుని రసం పీలుస్తుంది. అది విసర్జించే తియ్యటి జిగురు కింది ఆకులపై పడి, దానిపై నల్లని బూజు పెరుగుతుంది. అదే మసి. ఆకుకు ఎండ తగలక చెట్టు నీరసిస్తుంది. కింద అరటి, జామ ఉంటే వాటికీ తిప్పలే.

మసి చూడగానే పురుగుమందు కొట్టాలనిపిస్తుంది. కానీ అంతెత్తు చెట్టుకు, ఆకు అడుగుకు మందు సరిగా అందదు. పైగా అసలు రక్షకుడు చచ్చిపోతాడు!

ఎవరా రక్షకుడు? ఎన్‌కార్సియా. కంటికి ఆననంత చిన్న కందిరీగ జాతి కీటకం. తెల్లదోమ పిల్లల్లో గుడ్డు పెడుతుంది. లోపలి పిల్ల దోమను తినేసి గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. దాని బారిన పడిన దోమ పిల్లలు నల్లబడతాయి. అలాంటివి కనిపించే ఆకు ముక్కల్ని తుంచి, దోమ ఎక్కువగా ఉన్న చెట్ల ఆకులకు తగిలిస్తే చాలు, మిత్రపురుగు అక్కడికీ పాకుతుంది.

అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మరో ఇద్దరు మిత్రుల్ని పెంచింది. ఒకటి దోమ గుడ్లను, పిల్లల్ని తినే అల్లికరెక్కల పురుగు. రెండోది దోమకు జబ్బు తెచ్చే ఐసేరియా శిలీంద్రం.

ఇంట్లోవాళ్లు చేయగలిగేదీ ఉంది. చిన్న చెట్లయితే ఆకు అడుగున పైపుతో నీళ్లు జోరుగా కొట్టాలి. పసుపు రంగు జిగురు అట్టలు కట్టాలి. ఉద్ధృతి ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బుపొడి కలిపి చల్లాలి. పురుగున్న మొక్కల్ని వేరే ఊరికి తీసుకెళ్లకూడదు.

ఇది కొత్త విద్యేం కాదు. 1888లో పొలుసు పురుగు కాలిఫోర్నియా నిమ్మజాతి తోటల్ని ఎండగడుతుంటే, ఆస్ట్రేలియా నుంచి చిన్న అక్షింతల పురుగుల్ని తెప్పించారు. ఏడాది రెండేళ్లలోనే తోటలు తేరుకున్నాయి.

పురుగుకు పురుగే మందు. కాకపోతే ఈ మందు పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుంది. అందాకా రైతు స్ప్రేయర్ జోలికి పోకుండా ఓపిక పట్టగలగాలి. చెట్టును నిలబెట్టేది ఆ ఓపికే!