స్కాన్‌లో ‘హై జుగులర్ బల్బ్’ అని వస్తే భయపడాలా?

పుట్టుకతో వినబడని బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ వేయించాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు విశాఖపట్నం వెళ్తుంటాయి. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు చెవి ఎముకకు సీటీ స్కాన్ రాస్తారు. రిపోర్టులో ‘హై జుగులర్ బల్బ్’ అని కనబడిందంటే అమ్మానాన్నలకు గుండె ఝల్లుమంటుంది. పక్కింటివాళ్లు ఫోన్‌లో వెతికి ఇంకో నాలుగు భయాలు కలుపుతారు.

అది జబ్బు పేరు కాదు. మెదడు నుంచి రక్తాన్ని కిందికి తెచ్చే పెద్ద సిర, ఉర్దూలో షహ్‌రగ్ అంటామే, అదే మెడలోకి దిగే ముందు చెవి కింద ఎముకలో కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బే జుగులర్ బల్బ్. పుట్టినప్పుడు ఇది ఉండదు. సాధారణంగా రెండేళ్లు దాటాక ఏర్పడి, పెద్దయ్యేదాకా పెరుగుతుంది. కొందరిలో మామూలు కన్నా పైకి, లోపలి చెవి పక్కదాకా వస్తుంది. కుడివైపు సిర చాలామందిలో పెద్దది కాబట్టి ఈ తేడా కూడా కుడి చెవి దగ్గరే ఎక్కువ కనబడుతుంది. ముఖాలు ఒక్కలా లేనట్టే రక్తనాళాలూ అందరికీ ఒక్కలా ఉండవు. బిడ్డకు వినబడకపోవడానికి మామూలుగా కారణం ఇది కాదు.

మరి డాక్టర్ దీన్ని ఎందుకంత పట్టించుకుంటారు? ఇంప్లాంట్ తీగను నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియాలోకి పంపేది ఒక చిన్న కిటికీ గుండా. సిర పైకొస్తే ఆ కిటికీకి అడ్డం పడొచ్చు. దాని మీది ఎముక పొర పలచగా ఉన్నా, అసలే లేకపోయినా, పరికరం తగిలితే రక్తం ధారగా పోతుంది. ముందే తెలిస్తే సర్జన్ తీగను కాస్త పక్క నుంచి పంపుతారు, లేదంటే రెండో చెవిని ఎంచుకుంటారు. ఆపరేషన్ మానుకోవాల్సిన పని చాలాసార్లు ఉండదు.

పెద్దవాళ్లలో ఇదే తేడా వేరేలా బయటపడుతుంది. “సెవిలో గుండె కొట్టుకున్నట్టు చప్పుడవుతంది” అంటారు కొందరు. నాడితో పాటే వినబడే ఆ చప్పుడుకు నూనె పోయడం, పుల్లతో కెలకడం మందు కాదు. బీపీ, రక్తహీనత వల్ల కూడా అలా వినబడొచ్చు కాబట్టి అవీ చూపించుకోవాలి. కర్ణభేరి వెనక నీలంగా కనబడితే సిర కావచ్చు, ఎర్రగా కొట్టుకుంటుంటే ధమని కావచ్చు. గడ్డ అనుకుని ముక్క తీస్తే ప్రాణం మీదికొస్తుంది. స్కాన్ లేకుండా దాని జోలికి పోకూడదు.

ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే మాత్రం ఆగకూడదు. లోపలి చెవికి రక్తం ఇచ్చే ధమని సన్నని దారం లాంటిది, మామూలుగా దానికి వేరే దారి ఉండదు. అయితే ఇలా వినికిడి పోవడానికి వేరే కారణాలూ ఉంటాయి. ఏదైనా సరే, ఆ రోజో మరునాడో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. మందు మొదలుపెట్టడం ఆలస్యమయ్యేకొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్‌కు సాయం చేస్తుంది. వయసు పరిమితి ఉంటుంది, ముందే ఆరోగ్యమిత్రను అడగాలి. విశాఖ వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి. సిర ఎంత పైకొచ్చిందో సర్జన్ ఆ బొమ్మల్లోనే చూసుకుంటారు.