నాన్న అప్పుల పుస్తకంలో నా పేరు

నాన్న బాప్తిస్మం తీసుకున్న రోజు నేను గుండ్లకమ్మ ఒడ్డున నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. ‘వీడియో తియ్యవే’ అని చెల్లి మోచేత్తో పొడిచింది. తియ్యలేదు. తెల్ల బట్టలతో ఏట్లోకి దిగిన మనిషి మునిగి లేచాడు. ఒడ్డు మీద ఉన్నవాళ్లు పాట అందుకున్నారు. పాస్టరు గారి భార్య కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒకటే అనిపించింది: ‘నెల రోజులు చూద్దాం.’

అమ్మ అసలు రానేలేదు.

ఇది 2016 సెప్టెంబరు నాటి మాట. అప్పుడు నాకు 19 ఏళ్లు.

మీ ఫోన్లలో కూడా సాక్ష్యాల వీడియోలు వస్తూనే ఉంటాయి. ‘ఒకప్పుడు తాగుబోతుని, ఇప్పుడు కొత్త మనిషిని’ అని రెండు నిమిషాల్లో అయిపోతాయి. నమ్మేవాళ్లు ‘ఆమెన్’ అని కామెంట్ పెడతారు. నమ్మనివాళ్లు నవ్వే ఎమోజీ పెట్టి స్క్రోల్ చేస్తారు. ఆ వీడియో అయిపోయాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చూపించరు. నేను అలాంటి ఇంట్లో పిల్లని. అందుకే ఇది రాస్తున్నా.

బియ్యం డబ్బాలో 18,000

మా నాన్న తాపీ మేస్త్రీ. ప్రకాశం జిల్లాలో మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఆయన కట్టిన గోడ వంకర పోదని పేరు. సాయంత్రం ఆరు దాటితే మాత్రం ఆయనే తిన్నగా నిలబడేవాడు కాదు. అడ్వాన్సులు తీసుకుని పనులు మధ్యలో వదిలేసేవాడు. కూలి డబ్బు ఇంటికి వచ్చేలోపే అయిపోయేది. ఇదేందని అడిగితే అమ్మకు దెబ్బలు.

ఇంటర్ అయ్యాక నాకు బీటెక్ సీటు వచ్చింది. ఫీజుకి స్కాలర్‌షిప్ ఉంది గానీ హాస్టల్‌కి మేమే కట్టుకోవాలి. అమ్మ చీటీ పాడి 18,000 తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది. చేరాల్సిన రోజు పొద్దున చెయ్యి పెట్టి చూస్తే బియ్యం తప్ప ఏమీ తగల్లేదు. నాన్న మూడు రోజులు ఇంటి ముఖం చూడలేదు. నేను ఏడాది ఇంట్లో కూర్చుని, తర్వాత దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలో చేరాను.

ఆ డబ్బు సంగతి తర్వాత ఎవరం ఎత్తలేదు. కానీ నేను నాన్నతో మాట్లాడటం మానేశాను.

పరంజా మీద విన్న కథ

2016 వేసవిలో నాన్నకి పక్క ఊళ్లో ప్రార్థన మందిరానికి ప్లాస్టరింగ్ పని దొరికింది. ఓ శుక్రవారం ఆయన బయట పరంజా మీద నిలబడి పూత వేస్తున్నాడు. లోపల ఉపవాస ప్రార్థనలో జక్కయ్య కథ చెబుతున్నారు. లూకా సువార్తలో ఉంటుంది. జక్కయ్య యెరికో ఊళ్లో పన్ను వసూలు చేసేవాళ్లకి పెద్ద. జనాన్ని పీడించి డబ్బు చేసుకున్నవాడు. పొట్టివాడు కావడంతో గుంపులో యేసు కనబడక మేడిచెట్టు ఎక్కి కూర్చున్నాడు. యేసు ఆగి, పైకి చూసి, పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లోనే ఉంటానన్నాడు. ఊరంతా గొణిగింది. జక్కయ్య మాత్రం తన ఆస్తిలో సగం పేదలకిస్తానని, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగిస్తానని చెప్పాడు.

“ఆయన చెట్టెక్కాడు, నేను పరంజా ఎక్కా. ఇద్దరం దొంగలమే గదా” అని నాన్న చాలాకాలం తర్వాత చెప్పాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. పని జరిగినన్నాళ్లూ పాస్టరు గారు మధ్యాహ్నం నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని తినేవారట. అప్పటికి మా చుట్టాలే పెళ్లిళ్లలో నాన్న పక్కన కూర్చోవాల్సి వస్తే లేచి వేరే బంతికి వెళ్లేవాళ్లు.

నాన్న మందు మానేస్తానన్నాడు. మానిన మూడో రోజుకి చేతులు వణికిపోయాయి. గోడల మీద చీమలు పాకుతున్నాయని అరిచాడు. ప్రార్థన చేస్తే తగ్గిపోతుందని కొందరన్నారు. పాస్టరు గారే నాన్నను బండి మీద కూర్చోబెట్టుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారు. ప్రార్థన దారంతా చేశారట. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా మానాలనుకుంటే ముందు డాక్టరుకి చూపించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. విశ్వాసం ఉన్నవాళ్లు మందులు వేసుకోకూడదని ఎక్కడా లేదు.

“ఎంతిచ్చారేంది?”

బాప్తిస్మం అయ్యాక టీ కొట్టు దగ్గర నాన్నను అందరూ అడిగిన ప్రశ్న అదే. “మేస్త్రీ, ఎంతిచ్చారేంది?” నాన్న నవ్వి ఊరుకునేవాడు. నాక్కూడా అదే అనుమానం ఉండేది. అందుకే డిగ్రీ లైబ్రరీలో మా ప్రాంతం చరిత్ర వెతికాను.

నాన్న మునిగి లేచిన ఏటికి పెద్ద కథే ఉంది. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోలు వచ్చాడు. 1876-78లో దక్షిణాదిని పెద్ద కరువు పట్టింది. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత పని ఆయన కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కష్టకాలంలో క్రైస్తవులమవుతామని ఎంతమంది అడిగినా బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పని, సాయం అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, ఇదే గుండ్లకమ్మలో, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ రోజుల్లో చేరినవాళ్లు ఆదివారం పని చెయ్యమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం ముట్టమన్నారు, ఊరి జాతర్లలో డప్పు కొట్టమన్నారు. పెద్ద రైతులకి కోపం వచ్చింది. చాలా ఊళ్లలో వాళ్లని వేధించారు. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. తరతరాలుగా ‘సరే’ తప్ప ఇంకో మాట తెలియనివాళ్లు మొదటిసారి ‘కుదరదు’ అన్నారు. అది చదివాక ‘ఎంతిచ్చారు’ అన్న ప్రశ్న నాకు చిన్నదిగా కనిపించింది. వాళ్లకి దొరికింది మర్యాద. నాన్నకి పక్కన కూర్చుని తినే మనిషి దొరికాడు.

అమ్మ చప్పట్లు కొట్టలేదు

అయినా నాన్న మారాడని నేను నమ్మలేదు. నాలుగో నెలలో, సంక్రాంతికి, మళ్లీ తాగొచ్చాడు. ‘చూశావా’ అన్నట్టు అమ్మ నా వైపు చూసింది. ఆ ఆదివారం నాన్న మందిరంలో లేచి నిలబడి, “పండక్కి తాగాను” అని అందరి ముందూ చెప్పేశాడు. ఎవరూ బయటికి పొమ్మనలేదు. నాకు తెలిసి ఆయన తాగడం అదే ఆఖరు.

ఏడాది తిరిగాక సాక్ష్యం చెప్పమన్నారు. నాన్న బతిమాలితే అమ్మ వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది. ‘దేవుడు నా పాపాలన్నీ క్షమించాడు’ అని నాన్న అనగానే మందిరం చప్పట్లతో మోగిపోయింది. అమ్మ చేతులు ఒళ్లోంచి కదల్లేదు.

ఇంటికొచ్చాక అన్నం పెడుతూ అంది: “దేవుడు క్షమించాడంట, మంచిదే. తన్నులు తిన్నది నేను గదా. నన్నడిగావా?”

నాన్న చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది. ఆ రాత్రి ఆయన తిన్నట్టు లేదు.

మర్నాడు కిరాణా కొట్లో పొడుగు నోటు పుస్తకం ఒకటి కొన్నాడు. ఎవరికేం బాకీ ఉన్నాడో రాయడం మొదలుపెట్టాడు. మొత్తం 41 పేర్లు. టీ కొట్లో 200 దగ్గర్నుంచి, సిమెంటు షాపులో 60,000 దాకా. కొన్ని పేర్ల ఎదురుగా అంకె లేదు. ‘తిట్టాను’, ‘అబద్ధం చెప్పాను’ అని రాసుంది. మొదటి పేరు అమ్మది. దాని ఎదురుగా ఏమీ రాయలేదు. ఏం రాయాలో తెలియలేదన్నాడు.

11 రోజుల గోడ

తెలుగు బైబిల్లో ‘మారుమనస్సు’ అనే మాట ఉంటుంది. చిన్నప్పుడు ఆ మాట వింటే ఏడవడం అనుకునేదాన్ని. గ్రీకు మూలంలో ఆ మాటకు అర్థం కూడా మనసు మారడమే. జక్కయ్య కథలో మాత్రం ఆ మార్పు లెక్కల్లో కనిపిస్తుంది. ఎవరి దగ్గర తీసుకున్నది వాళ్లకి వెళ్లాలి.

ప్రపంచమంతా ఉన్న ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ పేరు వినే ఉంటారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడు నిలవడంతో మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమం నుంచి వాళ్లు చాలా నేర్చుకున్నారు. ఇప్పుడది ఏ మతానికీ చెందనిది. వాళ్ల 12 మెట్లలో ఎనిమిదోది, మనం బాధపెట్టిన వాళ్లందరి జాబితా రాసుకోవడం. తొమ్మిదోది, వీలైనచోటల్లా వెళ్లి సరిచేసుకోవడం. నాన్నకి ఈ సంస్థ పేరు కూడా తెలియదు. అమ్మ అడిగిన ప్రశ్నతోనే అక్కడిదాకా వచ్చాడు.

జాబితాలో ఒక అవ్వ ఉంది. ప్రహరీ గోడకని అడ్వాన్సు తీసుకుని నాన్న పునాది దగ్గరే వదిలేశాడు. ఎనిమిదేళ్ల తర్వాత తాపీ, గమేళా పట్టుకుని వెళ్తే ఆమె గేటు తియ్యలేదు. “మళ్లీ ఎంత కావాల్రా అబ్బాయ్?” అంది. “ఏమొద్దవ్వా, గోడ కట్టి పోతా” అన్నాడు. మొదటి రెండు రోజులు ఆమె అరుగు మీద కూర్చుని సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంది. మూడో రోజు మజ్జిగ ఇచ్చింది. 11 రోజుల్లో గోడ లేచింది. ఒకాయన మాత్రం బాకీ తీర్చేలోపే పోయాడు. నాన్న ఆ డబ్బు కొడుక్కి ఇచ్చొచ్చి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

41 పేర్లకి ఆరేళ్లు పట్టింది. రాత్రికి రాత్రే మారిపోయానని చెప్పేవాళ్లను చూసినప్పుడల్లా నాకు జాన్ న్యూటన్ గుర్తొస్తాడు. ‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసింది ఆయనే. 1748లో సముద్రం మీద తుఫానులో చిక్కుకుని దేవుణ్ణి పిలిచాడు. తన మార్పు ఆ రోజే మొదలైందని చెప్పుకున్నాడు. కానీ ఆ తర్వాత కూడా 1754 దాకా బానిసలను మోసే ఓడల్లోనే తిరిగాడు, వాటికి కెప్టెన్‌గా కూడా చేశాడు. ఆ వ్యాపారం ఎంత ఘోరమో, అందులో తన పాపమెంతో ఒప్పుకుంటూ పుస్తకం అచ్చు వేసింది 1788లో. అంటే 40 ఏళ్లకి. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది 1807లో. అదే ఏడాది చివర ఆయన చనిపోయాడు. ఆయన విశ్వాసం అబద్ధమని నేననను. అది మనిషి లోపలికి పూర్తిగా దిగడానికి అంత కాలం పట్టింది, అంతే.

ఇంకా కొట్టెయ్యని పేరు

ఇది చదివి బాప్తిస్మం తీసుకుంటే అన్నీ సర్దుకుంటాయని అనుకోకండి. నాన్నతో పాటు ఆ రోజు ఏట్లో దిగిన ఇంకొకాయన ఇప్పటికీ తాగుతున్నాడు. ఏ ప్రార్థనా లేకుండా మానేసినవాళ్లూ మా ఊళ్లో ఉన్నారు. అమ్మ ఇప్పటికీ సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతుంది. కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతికిచ్చేది నాన్నే. మారాక ఆయన ఇంట్లో ఎవర్నీ మార్చబోలేదు. బహుశా అందుకే ఆయన మార్పు మాకు నమ్మబుద్ధేసింది.

నేను డిగ్రీ అయ్యి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, ఓ పండక్కి ఇంటికెళ్తే నాన్న పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. 40 పేర్ల మీద గీత ఉంది. అమ్మ పేరు మీద కూడా ఉంది. ఆ గీత అమ్మే కొట్టిందట, ఎప్పుడో, ఎవరికీ చెప్పకుండా. మిగిలింది ఒక్క పేరు: ‘పెద్దమ్మాయి. 18,000. చదువు.’

కవరులో డబ్బు ఉంది. అన్నీ 500 నోట్లు, 36.

“డబ్బులు తిరిగిస్తా గానీ, ఆ ఏడాది తిరిగివ్వలేను తల్లీ” అన్నాడు. “గీత నేను కొట్టకూడదు. నీకెప్పుడు కొట్టాలనిపిస్తే అప్పుడే.”

కవరు తీసుకున్నాను. పెన్ను తీసుకోలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తీసుకోలేదు. క్షమించమని ఎవరూ నన్ను తొందరపెట్టలేదు, నాన్నయితే అసలే పెట్టలేదు. ఆ పుస్తకం ఇంట్లో బీరువా మీద అలాగే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న నాకు ఫోన్ చేస్తాడు. మొదట్లో ఎత్తేదాన్ని కాదు, తర్వాత రెండు నిమిషాలు మాట్లాడేదాన్ని. పోయిన వారం 20 నిమిషాలు మాట్లాడుకున్నాం, ఎక్కువగా సిమెంటు రేట్ల గురించి.

సంక్రాంతికి ఇంటికెళ్తున్నా. బ్యాగులో పెన్ను ఉంటుంది. కొడతానో లేదో అప్పుడు చూద్దాం.