ఆపరేషన్ బాగా అయింది, మరి ఈ నీడ ఎక్కడిది?

శుక్లాల ఆపరేషన్ అయిన మర్నాడు కంటి మీది కప్పు తీసి చార్టు చదివిస్తారు. నిన్నటిదాకా మసగ్గా ఉన్న అక్షరాలు నల్లగా, స్పష్టంగా కనబడతాయి. డాక్టరుగారు బాగుందంటారు. పక్కనున్న కొడుకో కూతురో వెంటనే వాట్సాప్‌లో బంధువులందరికీ కబురు పెడతారు. ఆ సంతోషంలో, ఆపరేషన్ చేయించుకున్న మనిషి చెప్పబోయిన మాట ఒకటి వెనకబడిపోతుంది. "కనబడ్డం బాగానే కనబడుతోంది గానీ, కణత వైపు ఏదో నల్లగా అడ్డొస్తోందమ్మా." ఇంటికొచ్చాక మళ్ళీ చెబితే, "అంతా బాగుందన్నారు కదా నాన్నా, మీరు దాని గురించే ఆలోచించకండి" అంటారు. నాలుగు రోజులు చూసి ఆ పెద్దాయన చెప్పడం మానేస్తారు. నీడ మాత్రం అలాగే ఉంటుంది.

అమెరికాలో మన పెద్దవాళ్ళు నలుగురు కలిసిన చోట ఇలాంటి మాటలు తరచు వింటుంటాను. నా రెండు కళ్ళలోనూ లెన్సులున్నాయి కనుక వాళ్ళు చెప్పేది నాకు వెంటనే అర్థమవుతుంది. వాళ్ళకూ, వాళ్ళ పిల్లలకూ చెప్పదలచింది ఒక్కటే. ఆ నీడ, ఆ మెరుపులు, దీపాల చుట్టూ వలయాలు భ్రమ కాదు. చాలాసార్లు ఆపరేషన్‌లో జరిగిన లోపం కూడా కాదు. లెన్స్ ఆకారాన్ని బట్టి, అది తయారైన పదార్థాన్ని బట్టి కంట్లో వెలుగు దారి మారుతుంది. కంటి వైద్యులు వీటన్నిటినీ కలిపి డిస్‌ఫోటాప్సియా అంటారు.

ముందు ఆ నీడ సంగతి. మనకు పుట్టుకతో ఉన్న లెన్స్ వెడల్పు 9, 10 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లకు పైనే. దాన్ని తీసేసి పెట్టే లెన్స్‌లో చూపుకి పనికొచ్చే భాగం మామూలుగా 6 మిల్లీమీటర్లే, మందం ఒక మిల్లీమీటరు లోపో, కాస్త అటూ ఇటూనో ఉంటుంది. కణత వైపు నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగులో కొంత ఈ లెన్స్‌లోంచి వంగి లోపలికి పోతుంది, కొంత లెన్స్ అంచు పక్కనుంచి వంగకుండా పోతుంది. ఈ రెండింటికీ మధ్య, రెటీనా మీద ముక్కు వైపున, వెలుగు పడని సన్నని పట్టీ ఒకటి మిగిలిపోతుంది. ముక్కు వైపు రెటీనా చూసేది కణత వైపు దృశ్యాన్ని. అందుకే ఆ చీకటి మనకు బయటి అంచున నెలవంక ఆకారంలో కనబడుతుంది. ఎక్కువమంది నిపుణులు ఒప్పుకునే వివరణ ఇది. 2000లో జేమ్స్ డేవిసన్ అనే అమెరికన్ వైద్యుడు ఈ నీడను నెగటివ్ డిస్‌ఫోటాప్సియా అనీ, మెరుపులూ చారలూ కనబడే రకాన్ని పాజిటివ్ డిస్‌ఫోటాప్సియా అనీ విడదీసి చెప్పారు.

లెన్స్ సరిగ్గా మధ్యలో, సహజ లెన్స్‌ను పట్టి ఉంచిన పలచని పొర సంచిలో చక్కగా కూర్చున్న కళ్ళలోనే ఈ నీడ ఎక్కువగా కనబడుతుంది. అంటే ఎంత నేర్పుగా చేసిన ఆపరేషన్ తర్వాతైనా రావచ్చు. రాబర్ట్ ఓషర్ అనే సర్జన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ మర్నాడు నూటికి 15 మంది ఈ నీడ ఉందన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ సంఖ్య 3కి దిగింది. తగ్గేవాళ్ళే ఎక్కువన్నది ధైర్యం చెప్పే విషయం. అయితే తగ్గని ఆ కొద్దిమంది బాధ కూడా నిజమేనని గుర్తుంచుకోవాలి.

మీకున్నది ఇదే నీడా అని ఇంట్లోనే కొంతవరకు పోల్చుకోవచ్చు. కణత పక్కన అరచెయ్యి అడ్డం పెట్టి, పక్కనుంచి వచ్చే వెలుగును ఆపండి. నీడ పలచబడితే చాలావరకు ఇదే. అందుకే వెడల్పాటి కాడలున్న కళ్ళజోడు పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. పవర్ అక్కర్లేని వాళ్ళకు కూడా అలాంటి ఫ్రేము పనికొస్తుంది. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక, రెండు కళ్ళ చూపూ కలిసి ఆ నీడను కప్పేయడం మరికొందరి అనుభవం.

ఇక మెరుపులు. పక్కనున్న దీపం నుంచి ఒక విల్లులాంటి గీత సాగినట్టు, తల తిప్పినప్పుడు కంటి చివర వెలుగు తళుక్కుమన్నట్టు ఉంటుంది. దీనికి పెద్ద కారణం లెన్స్ అంచు. గుండ్రటి అంచున్న పాత లెన్సుల వెనక కొన్నాళ్ళకు కణాలు పాకి, మళ్ళీ పొర కమ్మేది. దాన్ని ఆపడానికి అంచును చతురస్రంగా కోసినట్టు తయారు చేయడం మొదలుపెట్టారు. పొర బెడద బాగా తగ్గింది. ఆ పదునైన అంచుకు తగిలిన వెలుగు మాత్రం రెటీనా మీదికి చెదురుతోంది. పైగా ఇప్పుడు ఎక్కువగా వాడే అక్రిలిక్ రకాల్లో కొన్నిటి వక్రీభవన గుణకం 1.55 దాకా ఉంటుంది, సహజ లెన్స్‌ది 1.42 ప్రాంతంలో. గుణకం పెరిగితే లెన్స్ పలచగా చేయొచ్చు, చిన్న కోతలోంచి మడిచి పెట్టొచ్చు. దానితోపాటు లోపల ప్రతిఫలించే వెలుగు కూడా పెరుగుతుంది. ఒక మంచి కోసం ఒప్పుకున్న చిన్న చెడు ఇది. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెబితే పేషెంట్లు అర్థం చేసుకుంటారని నా నమ్మకం.

రాత్రిపూట కనుపాప పెద్దదవుతుంది కాబట్టి ఇవన్నీ అప్పుడే ఎక్కువ. దూరమూ దగ్గరా రెండూ కనబడాలని మల్టీఫోకల్ లెన్స్ పెట్టించుకున్న వాళ్ళకైతే ఎదురొచ్చే కారు లైటు చుట్టూ, చంద్రుడికి గుడి కట్టినట్టు, వలయాలు కనబడతాయి. ఆ లెన్స్ మీద సన్నని వృత్తాలు చెక్కి ఉంటాయి. అవి ఒకే వెలుగును దూరానికింత, దగ్గరకింత అని పంచుతాయి. రెండు దూరాలకు పంచే రకంలో సుమారు 40 శాతం చొప్పున రెండింటికీ పోగా, మిగతాది ఎటూ కాకుండా చెదిరిపోతుంది. దీపాన్ని చూసినప్పుడు దూరానికి కేటాయించిన వెలుగు స్పష్టమైన బొమ్మ కడుతుంది, దగ్గరకు కేటాయించింది దాని చుట్టూ వలయమవుతుంది. కళ్ళజోడు లేకుండా పేపరు చదువుకోగలగడానికి ఇచ్చే మూల్యం ఇదే. రాత్రి ఫ్రీవేల మీద కారు నడపక తప్పని మనిషికి ఆ మూల్యం ఎక్కువే అవుతుంది. అలాంటి వాళ్ళు ఒకే దూరానికి పనిచేసే మోనోఫోకల్ లెన్స్ పెట్టించుకుని, చదవడానికి కళ్ళజోడు వాడుకోవడమే మేలని నా అభిప్రాయం. అమెరికాలో మెడికేర్ ఖర్చు భరించేది కూడా ఆ మామూలు లెన్స్‌కే. మల్టీఫోకల్ కావాలంటే పై ఖర్చు మనదే.

రంగుల మార్పు కొందరిని కంగారు పెడుతుంది. వయసుతో పసుపుబారిన లెన్స్ తీసేయగానే నీలం ఒక్కసారిగా లోపలికొస్తుంది. తెల్ల గోడ నీలంగా, ఎన్నాళ్ళుగానో కట్టుకుంటున్న చీర వేరే రంగుగా కనబడుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1923లో కుడికంటికి శుక్లం తీశారు. అప్పటికి కంట్లో పెట్టే లెన్సులు లేవు. రంగులు మారిపోయాయని ఆయన చాలా బాధపడ్డారు, రంగుటద్దాలు వాడారు, ఎడమకంటికి ఆపరేషన్ ఒప్పుకోలేదు. మనలో ఎక్కువమందికి ఈ తేడా కొద్ది వారాల్లోనే అలవాటైపోతుంది.

మన ఊళ్ళలో ఒకప్పటి సోడాబుడ్డి కళ్ళద్దాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. శుక్లం తీసేసి లోపల ఏమీ పెట్టని రోజుల్లో తాతలకూ అమ్మమ్మలకూ అవే దిక్కు. వాటిలోంచి వస్తువులు పాతిక, ముప్పై శాతం పెద్దవిగా కనబడేవి. చూపు చుట్టూ వలయంలా ఒక గుడ్డి భాగం ఉండి, పక్కనుంచి వచ్చే మనిషి ఉన్నట్టుండి ఎదుట ప్రత్యక్షమయ్యేవాడు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానం కాక్‌పిట్ పైకప్పు పగిలి కళ్ళలో గుచ్చుకున్న అక్రిలిక్ ముక్కలను పైలట్ల కన్ను సహించడం గమనించి, అదే పదార్థంతో లెన్స్ చేయించారు. ఆ మొదటి పేషెంటుకు తీవ్రమైన హ్రస్వదృష్టి మిగిలింది. మన దేశంలో 1992లో మదురైలో ఆరోల్యాబ్ లెన్సుల తయారీ మొదలుపెట్టాక గాని అవి సామాన్యుడి అందుబాటులోకి రాలేదు. అప్పటికీ ఇప్పటికీ పోలిక లేదు, నిజమే. కానీ "ఆ రోజుల్లో అయితే ఏమయ్యేదో తెలుసా" అని నేటి పేషెంటు నోరు మూయించడం న్యాయం కాదు. చార్టులో తెల్లని పలక మీద నల్లని అక్షరాలు ఎంత చిన్నవి చదవగలరో మాత్రమే తెలుస్తుంది. రాత్రి వానలో సిగ్నల్ లైటు ఎలా కనబడుతోందో ఆ చార్టు చెప్పదు.

సర్దుకోవడం కంటి కన్నా ఎక్కువగా మెదడు చేసే పని. పోర్చుగల్‌లోని కోయింబ్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు మల్టీఫోకల్ లెన్సులు పెట్టించుకున్న వాళ్ళ మెదడును ఎమ్మారై ద్వారా పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషన్ అయిన కొద్ది వారాలకు, చెదిరిన వెలుగులో చూసేటప్పుడు, శ్రద్ధ పెట్టడానికీ శ్రమతో నేర్చుకోవడానికీ సంబంధించిన భాగాలు గట్టిగా పనిచేశాయి. ఆరు నెలలకు ఆ శ్రమ సద్దుమణిగింది. కాబట్టి మొదటి వారాల్లో అలసటగా ఉండడం సహజం. పగటివేళ తెలిసిన దారుల్లో నడక, మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఆసరా, ఇంట్లో మంచి వెలుతురు, వేళ తప్పకుండా చుక్కల మందు అవసరం. కళ్ళు పొడిబారినా చూపు చెదురుతుంది. అది చికిత్సతో తగ్గేది కనుక డాక్టరుకి చెప్పాలి. రాత్రి డ్రైవింగ్ కోసమని అమ్మే పసుపు అద్దాలు దారిలోని మనుషులను గుర్తించడానికి సాయపడవని పరిశోధనలో తేలింది. వాటి మీద డబ్బు పెట్టకండి.

ఒక కంటికి చేసి రెండోదానికి ఆగిన రోజులు అన్నిటికన్నా కష్టం. పాత కళ్ళజోడు కొత్త కంటికి సరిపోదు, రెండు కళ్ళలో బొమ్మ పరిమాణమే తేడాగా ఉండి తల తిరుగుతుంది. చిన్నప్పటినుంచి హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళకు మరో చిక్కుంది. కళ్ళజోడు తీసేసి సూదిలో దారం ఎక్కించే అలవాటు వాళ్ళది. దూరానికి సరిపోయే లెన్స్ పెడితే ఆ దగ్గరిచూపు పోతుంది. ఏ దూరానికి చూపు కావాలో ముందే డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

నెలలు గడిచినా నీడలూ మెరుపులూ భరించలేనట్టుంటే దారులున్నాయి. రాత్రి వలయాలకు కనుపాపను కొంచెం చిన్నది చేసే చుక్కలు కొందరికి ఇస్తారు. లెన్స్‌ను వేరే రకంగా అమర్చడం, పూర్తిగా మార్చడం కూడా చేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. లెన్స్ వెనక పొర మసకబారితే యాగ్ లేజర్‌తో అందులో కన్నం చేస్తారు. అది నిమిషాల పని, పొర ఉన్నవాళ్ళకు మంచి చికిత్స. కానీ అసలు బాధ డిస్‌ఫోటాప్సియా అయితే ఆ లేజర్‌తో పోదు, పైగా ఆ తర్వాత లెన్స్ మార్చడం చాలా కష్టమవుతుంది. లెన్స్ మార్చే ఆలోచన ఏ మూలనైనా ఉంటే, లేజర్‌కు ఒప్పుకునే ముందు రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఆపరేషన్ చేయించుకుని, వెంటనే విమానమెక్కి వచ్చేసేవాళ్ళు మనలో ఉన్నారు. వైద్యం అక్కడా మంచిదే. చిక్కంతా తర్వాత చూపించుకోవడంలో వస్తుంది. ఇండియాలో డాక్టరుగారు "రాత్రి కారు నడుపుతారా" అని అడగకపోవచ్చు. మీరే చెప్పండి. కళ్ళజోడు నంబరు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, కనుక అందాకా ఆగే వీలుంటే ఆగండి. లెన్స్ కంపెనీ, మోడల్, పవర్ ఉన్న చిన్న కార్డు ఇస్తారు. దాన్ని పాస్‌పోర్టుతోపాటు దాచుకుని, ఫోటో తీసి పిల్లలకు పంపండి. ఆ కార్డు లేకపోతే ఇక్కడి డాక్టరుకు మీ కంట్లో ఏముందో తెలుసుకోవడమే మొదటి పని అవుతుంది.

చివరగా, అలవాటైపోతుందిలే అని ఊరుకోకూడనివి కొన్ని. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి చూపు మందగించడం, కొత్తగా మెరుపులతోపాటు నల్లటి చుక్కలు గుంపుగా తేలడం, ఒక పక్కనుంచి తెర దిగుతున్నట్టుండడం. ఇవి ఇన్‌ఫెక్షన్‌కో రెటీనా ఊడిపోవడానికో గుర్తులు కావచ్చు. ఆపరేషన్ అయి వారమైనా, ఏళ్ళయినా సరే, వీటిలో ఏది కనబడినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అమ్మానాన్నలతో వెళ్ళే పిల్లలకు ఒక మనవి. డాక్టరు ముందు వాళ్ళ తరఫున మీరు జవాబు చెప్పకండి. ఏం కనబడుతోందో వాళ్ళనే చెప్పనివ్వండి, తెలుగులో చెప్పిందాన్ని ఒక్క ముక్క వదలకుండా డాక్టరుకు వినిపించండి.