పాత నడకబండికి కొత్త కళ!

పిల్లలు గోడ పట్టుకుని నిలబడటం మొదలెట్టారంటే చాలు, ఇంట్లో అందరికీ నడకబండి గుర్తుకొస్తుంది. మూడు చక్రాలు, పట్టుకోవడానికి ఒక అడ్డకర్ర... అంతే కదా దానిలో ఉండేది! కానీ కొత్తది కొనబోతే ధర విని వెనక్కి రావలసిందే. పైగా వాడేది ఆరేడు నెలలు. ఆ తర్వాత అది అటకెక్కుతుంది. అందుకే పాత సామాన్ల అంగట్లోనో, బంధువుల అటక మీదో దొరికే కొయ్యబండిని తెచ్చి బాగుచేసుకోవడం మేలంటాను నేను. వంటపని అయ్యాక రోజుకో గంట కూర్చుంటే తెమిలిపోతుంది.

తెచ్చుకునే ముందు మాత్రం ఒకటి చూడాలి. చక్రం ఊగుతోందా, కర్ర విరిగిందా అని కాదు, అవి బాగుచేసుకోవచ్చు. చూడాల్సింది రంగు!

మా రాయచోటిలో చాలా ఇళ్లలో మగవాళ్లు కువైట్‌లో ఉంటారు కదా, మా వీధిలో ఒకమ్మాయి భర్త కూడా అక్కడే. చంటిబిడ్డ కోసం బండి కొనాలని నన్ను తోడు తీసుకుపోయింది. అంగట్లో రెండున్నాయి. ఒకటి ఎర్రరంగు పూసింది, అక్కడక్కడా పెచ్చులు లేచినా చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండోది అసలు రంగే వెయ్యని ఉత్త కొయ్య, చెయ్యి తగిలి తగిలి నల్లబడింది. "ఏమక్కా, అంత మంచిది పెట్టుకుని ఈ నల్లదెందుకు?" అంది. "బిడ్డ దాన్ని తోసేదానికంటే కొరికేది ఎక్కువ మా!" అన్నాను.

పాతకాలపు రంగుల్లో సీసం కలిసి ఉండేది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ల ఒళ్లు పీల్చుకునే దానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒళ్లు పీల్చుకుంటుందట. ఇంతవరకు ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన రంగులో ఏముందో ఎవరు చెప్పగలరు? "గీకేసి కొత్త రంగు వేస్తే పోలా" అనుకోకండి. గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి గాలిలో లేచి ఇల్లంతా పడుతుంది, పాకే బిడ్డ చేతికంటుతుంది. పెచ్చులూడే బండిని ఊరికే ఇచ్చినా వద్దనండి.

ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మల సంగతి వేరు. వాటి మీద ఉండేది లక్క. తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పెడితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. దానికి మొగలి ఆకుతో మెరుపు తెస్తారు. చెట్టూ చేమ నుంచి తీసే రంగులను ఏటికొప్పాకలో మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే లక్క పూసినంత మాత్రాన రంగు చెట్టుదేనని కాదు, అది అమ్మినవాళ్లను అడగాల్సిందే. ఇలాంటివి పొడిబట్టతో తుడవండి, చాలు. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, వేడినీళ్లకు మెత్తబడుతుంది.

సరే, ఉత్త కొయ్యబండి దొరికిందనుకోండి. సబ్బునీళ్లలో పిండిన బట్టతో తుడిచి, రెండ్రోజులు నీడలో ఆరబెట్టండి. మా ఎండలో పెడితే కొయ్య పగులుతుంది. తర్వాత గరుకు కాగితంతో, ముందు ముతకది, ఆపైన సన్నది, కొయ్య గీతల వెంబడే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీరలు పడతాయి.

పగుళ్లు పూడ్చడానికి కొండపల్లి బొమ్మలవాళ్ల మక్కు ఉండగా డబ్బాలు కొనడమెందుకు? చింతగింజలకు మన వైపు కొదవా! రెండు పిడికిళ్ల గింజలు మూకుట్లో వేయించి, దంచి పైపొట్టు తీసేయండి. రాత్రి నానబెట్టి, తెల్లారి మెత్తగా రుబ్బండి. నీళ్లు కలిపి సన్నసెగ మీద, అడుగంటకుండా కలుపుతూ, సంగటి జారుగా ఉన్నట్టు ఉడికించండి. చల్లారాక వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపుపొట్టు జల్లించి కలిపితే చపాతీ పిండిలా ముద్దవుతుంది. ప్లైవుడ్ పొట్టు మాత్రం వద్దు, దాన్లో జిగురు మందులుంటాయి. పగులు లోతైతే ఒకేసారి నింపకండి, ఆరేకొద్దీ మక్కు కుంచించుకుపోతుంది. ఒకసారి పెట్టి, ఆరాక ఇంకోసారి పెట్టండి. మిగిలింది దాచుకుంటే బూజు పడుతుంది, ఏ రోజుది ఆ రోజే.

బిడ్డ పట్టుకునే అడ్డకర్రకు మాత్రం మక్కు పనికిరాదు. చొంగ తగిలితే నానిపోతుంది. పగిలిందంటే కొత్తది వేయించాల్సిందే. మేము వేపకర్ర వేయించాం. కొరికితే కొరకనీ!

అతుకులు వదులైతే మేకులు కొట్టకుండా స్క్రూలు బిగించి, తలలు కొయ్యలోకి దిగేట్టు చూడండి. గలగలలాడే పూసలు, గుబ్బలు ఉంటే పీకి పారేయండి. నోట్లో పట్టేదేదైనా గొంతుకు అడ్డం పడుతుంది. మా వైపు చక్రాన్ని గాను అంటాం. కడప బండల నేల మీద కొయ్య గాన్లు సర్రున జారిపోతాయి, వెనకే బిడ్డ బోర్లా పడుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి గాను చుట్టూ బిగువుగా తొడగండి. బండి నిదానంగా పోతుంది, చప్పుడూ ఉండదు.

చివరగా నూనె. ఇంట్లో ఉంది కదా అని శెనగనూనె పూయకండి, అది ఆరదు, జిడ్డుకట్టి దుమ్ము పడుతుంది. ఆరే గుణం ఉన్నది అవిసె నూనె. గానుగలో ఆడించిన వంటనూనె అడగండి. రంగుల అంగట్లో కాచి అమ్మేదాంట్లో త్వరగా ఆరే మందులు కలుపుతారు. బట్టతో పల్చగా రుద్ది, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. ఇలా రెండు మూడు పూతలు, ఒక్కోదాని మధ్య నాలుగైదు రోజులు. ఆ నూనెబట్టను ఉండచుట్టి మూల పడేయకండమ్మా, దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, బయట పరిచి ఆరేయండి.

చేతికి జిడ్డు తగలకుండా పూర్తిగా ఆరేదాకా, అంటే మరో రెండు మూడు వారాలు, బండిని బిడ్డ కంటపడకుండా దాచండి. చూసిందంటే మీరు ఆపలేరు!